ఆర్వో గురించి నాలుగు మంచి మాటలు

సాల్మి, మిన్నెసోటా
1983 మార్చి 14

ఆర్వో,

నువ్వు పారిపోయావు. దానికి ఇంకో పేరు పెట్టకు. "పని వెతుక్కోవడానికి వెళ్ళాడు" అని సైమా చేత చెప్పించావు. మన కో-ఆప్ సహకార దుకాణంలో నా కౌంటరు ముందు పిండి సంచీ పట్టుకుని, నేల చూపులు చూస్తూ చెప్పింది నీ భార్య. తప్పు చేసింది నువ్వు, సిగ్గుపడింది ఆవిడ. మన మగవాళ్ళ పోరాటాలన్నీ ఇలాగే ఏడుస్తున్నాయి.

గురువారం హాల్లో నిరుద్యోగుల కమిటీ కూర్చుంది. నీ కుర్చీ ఖాళీ. "ఆర్వో ఏడీ?" అని ఎవరో అడిగితే ముసలి హెయిక్కి, "మినియాపొలిస్ వెళ్ళాడు, బుద్ధిమంతుడు" అన్నాడు. బుద్ధిమంతుడట! నాకు ఒళ్ళు మండిపోయింది. గని మూసింది ఎవరు? భూమిలో ఇనుము అయిపోయిందా? లేదే. లాభం తగ్గింది, అంతే. లెక్క తప్పింది వాళ్ళు, పెట్టెలు సర్దుకునేది మనం. పేపర్లేమో "మారుతున్న కాలం" అని రాస్తున్నాయి. కాలం దానంతటది మారదురా. కొందరు మారుస్తారు, బిల్లు మాత్రం మన పేర వస్తుంది.

ఒక్కొక్కడే టోపీ చేత్తో పట్టుకుని ఒక్కో గుమ్మం ముందు నిలబడితే ఏమవుతుందో తెలుసా? లోపల కూర్చున్నవాడు బయట ఎన్ని టోపీలున్నాయో చూసుకుని జీతం తగ్గిస్తాడు. నువ్వు వెతుక్కుంటున్నది పని కాదు, ఇంకొకడి పనికి పోటీ. ఇది నీకు తెలియక కాదు. నీకు నేర్పిందే నేను.

సరే, వెళ్ళావు. ఇప్పుడేం చేస్తాం. అక్కడ పాత యజమాని పేరు అడుగుతారు. గని వాళ్ళది ఇవ్వకు. ఆ సూపరింటెండెంటు నీ గురించి ఏం కూస్తాడో నాకు తెలుసు. నా పేరు ఇవ్వు. గనిలో చేరకముందు అన్నేళ్ళు కో-ఆప్ గోదాములో బాయిలర్ చూశావు కదా. ఇప్పుడు అక్కడ మేనేజర్ని నేనే. నియెమి అనే నా అత్తింటి పేరు చూసి నేను నీ అక్కనని ఎవడూ కనిపెట్టలేడు. ఫోన్ రానీ. నీ గురించి ఎలా చెప్పాలో నాకు తెలుసు.

కోపంతో ఊగిపోతూ,
ఐలీ

తా.క. ఏలకుల రొట్టె పంపుతున్నాను. కోపం వేరు, రొట్టె వేరు.

*

మినియాపొలిస్
మార్చి 23

అక్కా,

రొట్టె అందింది, ఉత్తరం అందింది. రొట్టె మెత్తగా ఉంది.

చెప్పకుండా వచ్చిన మాట నిజమే. చెబితే దాన్ని కమిటీ ఎజెండాలో పెడతావని భయం. పెట్టేదానివే, కాదను చూద్దాం! చేతులెత్తించి, నా ప్రయాణాన్ని మెజారిటీతో ఓడించేదానివి.

నువ్వు రాసిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అదే నా బాధ. బస్సెక్కుతుంటే హెయిక్కి కొడుకు ఎదురయ్యాడు. వాడిదీ నా షిఫ్టే. ఎక్కడికని అడగలేదు. నా పెట్టె వైపు చూసి, బూట్ల వైపు చూసుకుని, చెయ్యెత్తాడు. ఆ ఎత్తిన చెయ్యి ఇంకా కళ్ళ ముందే ఉంది.

కానీ సైమా సంగతి కూడా విను. బడి వంటగదిలో ఆమె పని సగం తగ్గించారు. నేను బయల్దేరేముందు గిన్నెలు తుడుస్తూ, నా వైపు తిరగకుండానే అంది: "సెప్టెంబర్లో బళ్ళు తెరిచేలోగా అటో ఇటో తేల్చు. నువ్వు అక్కడా, మేం ఇక్కడా ఇంకో చలికాలం నా వల్ల కాదు. కుదరకపోతే అమ్మాయిల్ని తీసుకుని ఓరెగన్‌లో మా చెల్లెలి దగ్గరికి పోతాను." కసురుకుని ఉంటే పోట్లాడేవాణ్ణి. మామూలుగా చెప్పింది.

ఇక్కడ ఒక ముసలావిడ ఇంట్లో మేడమీది గది. ఉద్యోగాల ఆఫీసులో ఒక కుర్రాడు, టై కట్టుకున్నాడు, నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు.

"మీ బలాలు చెప్పండి."

"ఆ మూలనున్న బీరువా ఒక్కణ్ణే ఎత్తగలను."

"అది కాదు సర్, వ్యక్తిత్వంలో."

వ్యక్తిత్వంలో ఏముంటాయే అక్కా బలాలు? "సరే, బలహీనతలు?" అన్నాడు. "అక్క" అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

మంచి కబురు ఒకటుంది. ఒక ఆసుపత్రిలో బాయిలర్ పని. అక్కడి ఇంజనీరు డాల్ అనే నార్వే ఆయన. కిందికి తీసుకెళ్ళి చూపించాడు. మన గనిలో ఉన్నటువంటి బాయిలరే. ఊరు కాని ఊళ్ళో చుట్టాన్ని చూసినట్టయింది. వెళ్ళేటప్పుడు చెయ్యి గట్టిగా కలిపి, "మీ పాత మేనేజరుకు ఒక్క ఫోన్ చేసి, మీకు కబురు చేస్తాం" అన్నాడు. నీ నంబరే ఇచ్చాను.

నీకు కోపం తగ్గాక సైమాను ఒకసారి పలకరించు.

తమ్ముడు,
ఆర్వో

*

సాల్మి
ఏప్రిల్ 4

ఒరేయ్ ఆర్వో,

చొక్కా ఇస్త్రీ చేయించుకో!

ఆ డాల్ ఫోన్ చేశాడు. నేను జున్ను కోస్తున్నాను, కత్తి అలాగే చేత్తో పట్టుకుని మాట్లాడాను. ఎంత మర్యాదస్థుడు! "మిసెస్ నియెమి, ఆర్వో లాహ్తి గురించి నాలుగు మాటలు చెబుతారా?" అన్నాడు. నాలుగా? నలభై చెప్పాను.

పనికి ఎప్పుడూ ఆలస్యం కాలేదని చెప్పాను. అది ఎవడైనా చెబుతాడు. మనిషంటే ఏమిటో చెప్పాలి కదా. అందుకని గని సంగతి చెప్పాను. కొత్తగా చేరిన ఆడపిల్లను ఫోర్మన్ అనరాని మాట అంటే, నువ్వు పనిముట్లు కింద పెట్టి గేటు దగ్గర కూర్చున్నావనీ, ఒక్కొక్కడే వచ్చి షిఫ్టు షిఫ్టంతా నీ పక్కన కూర్చుందనీ, ఆ ఫోర్మన్ అందరి ముందూ ఆ పిల్లకు క్షమాపణ చెప్పేదాకా ఒక్కరూ లేవలేదనీ. "ఆర్వో ఉన్నచోట ఎవడూ ఎవర్నీ తొక్కలేడండీ. వాడు ఒక్కడు లేస్తే వాడి వెనక అందరూ లేస్తారు" అన్నాను.

"ఓహో" అన్నాడు. "అలాగా" అన్నాడు. "చాలా ఆసక్తికరంగా ఉందండీ" అన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. రాసుకుంటున్న చప్పుడు కూడా వినిపించింది. ఫోన్ పెట్టేసేముందు, "ఇంత వివరంగా చెప్పినందుకు ఎంతో కృతజ్ఞుణ్ణి" అన్నాడు. నగరంలో కూడా మనుషులున్నారన్నమాట.

సైమాను పలకరించాను. పలకరించడమేమిటి, ఉద్యోగం వచ్చినట్టేనని చెప్పేశాను. కౌంటరు మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత అక్కర్లేని దాల్చినచెక్క కూడా కొనుక్కుంది.

నాన్న ఉండుంటే ఎంత సంతోషించేవాడో.

అక్క
ఐలీ

*

మినియాపొలిస్
ఏప్రిల్ 20

అక్కా,

ఆసుపత్రి ఉద్యోగం రాలేదు.

ఉత్తరం పంపారు. ఎంత బాగా రాశారంటే రెండోసారి చదివితే గానీ కాదన్నారని అర్థం కాలేదు. "మా వాతావరణానికి మరింత తగిన వ్యక్తి" దొరికాడట. డాల్‌ను వెతుక్కుంటూ వెళ్ళాను, తప్పే. కారిడార్లో ఎదురయ్యాడు. నాతో చెయ్యి కలపలేదు. రెండు చేతుల్లోనూ కాగితాలు పట్టుకున్నాడు. "మీలో లోపమేం లేదండీ" అన్నాడు. లోపం లేనివాడి మొహం చూసి ఎవరైనా అలా తల తిప్పుకుంటారా?

నాదే తప్పు. నోరు జారి ఏదో అనుంటాను. బాయిలర్ మీద చెయ్యి వేశాను, అది నచ్చలేదేమో. నలభై నాలుగేళ్ళు, అదీ నచ్చలేదేమో. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే, నేనే మేనేజర్నైతే వీణ్ణి తీసుకునేవాణ్ణా అనిపించింది.

సైమాకు ముందే చెప్పకుండా ఉండాల్సింది అక్కా. నిన్ననడం లేదు. నువ్వు సంతోషం పట్టలేక చెప్పావు. కానీ ఫోన్లో, "ఉద్యోగం వచ్చేసినట్టేనని ఐలీ అంది కదా, మరి నువ్వేం చేశావు?" అని అడిగింది. ఏం చేశానో నాకే తెలియదు.

ఒక హోటల్లో బాయిలర్ మనిషి కావాలట. రేపు వెళ్తున్నాను. ఈసారి దేని మీదా చెయ్యి వెయ్యను.

ఆర్వో

*

సాల్మి
మే 10

ఆర్వో,

నీ ఉత్తరం చదివి పెద్దగా తిట్టాను. అప్పుడే పాలు కొనడానికొచ్చిన పాస్టర్ గారి భార్య తననే తిట్టాననుకుంది. నేను సరిదిద్దలేదు.

"నాదే తప్పు"! ఇదీ వాళ్ళు నేర్పే పాఠం. ఉద్యోగం పీకినవాడు హాయిగా నిద్రపోతాడు, పోగొట్టుకున్నవాడు అద్దం ముందు నిలబడి తనలో లోపాలు ఏరుకుంటాడు. ఊరు ఊరంతా పని పోతే అందరికీ ఒకేసారి లోపం పుట్టిందా? పొలాలకు వడగళ్ళు పడితే గోధుమల వ్యక్తిత్వంలో బలహీనత అంటామా?

కానీ ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. అక్కడ వంగి వంగి మాట్లాడావా? నేను ఇక్కడ నిన్ను సింహంలా నిలబెడితే, నువ్వు అక్కడ పిల్లిలా కూర్చున్నావా? చెప్పినదానికీ చూసినదానికీ పొంతన కుదరకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? భయం వాసన యజమానులకు బాగా తెలుస్తుంది.

ఆ హోటల్ మనిషి కూడా ఫోన్ చేశాడు. వాడికి ఇంకా బాగా చెప్పాను. నాన్న సంగతి కూడా చెప్పాను. గని కార్మికుల పెద్ద సమ్మె తర్వాత కంపెనీలన్నీ ఆయన పేరు నల్లజాబితాలో పెడితే, అడవిలో మొద్దులు పెకలించి పొలం చేసుకున్నాడు గానీ తిరిగి వెళ్ళి వాళ్ళ కాళ్ళు పట్టుకోలేదనీ, ఆ తండ్రి కొడుకే వీడనీ. మన ఇంట్లో అంతకు మించిన యోగ్యతాపత్రం ఏముంది? "వావ్" అన్నాడు హోటలాయన. రెండుసార్లు.

ఇంకో సంగతి. అప్లికేషన్ల మీద నీ పేరు 'రే' అని రాస్తున్నావట. సైమా నోరు జారింది. అమ్మ పెట్టిన పేరు వాళ్ళ నాలుకకు బరువైందా? ముందు పేరు తీసేస్తావు, తర్వాత యూనియన్ బ్యాడ్జీ తీసేస్తావు, చివరికి లోపల ఎవడూ మిగలడు. అప్పుడు తప్పకుండా ఉద్యోగం ఇస్తారు.

నీ పేరు మర్చిపోని
ఐలీ

*

మినియాపొలిస్
జూన్ 15

అక్కా,

అవును, 'రే' అని రాశాను. తప్పే. దాని కోసం నువ్వు వాడిన మాటలన్నీ నేను ముందే వాడుకున్నాను నా మీద.

హోటల్ ఉద్యోగం రాలేదు. ఆ తర్వాత ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ, అదీ పోయింది. అక్కడా నీ పేరే ఇచ్చాను. హోటల్ ఆఫీసులో పనిచేసే ఒక పెద్దావిడ బస్ స్టాపులో కలిసింది. "మీ పాత మేనేజరుకు మీరంటే ఎంత గౌరవమో" అంది. అంతే. నువ్వు చెప్పింది చెప్పినట్టే వాళ్ళకు చేరుతోంది, దిగులుపడకు.

సింహంలా కూర్చోవడం ఎలాగో నాకు తెలియదు. కుర్చీలు చిన్నవి.

ఆదివారం సైమా ఫోన్ చేసింది. "నిజంగా వెతుకుతున్నావా ఆర్వో? లేకపోతే అక్కడ ఒంటరిగా బాగుందా?" అంది. అమ్మాయిలెలా ఉన్నారని అడిగాను. అదే జవాబనుకుందేమో. చెల్లెలికి ఉత్తరం రాసిందట. ఓరెగన్లో బళ్ళు బాగుంటాయట.

నేను చెయ్యాల్సింది ఒకటుంది, చెయ్యడం లేదు. అదేమిటని అడగకు.

ఒక లాండ్రీ ఉంది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతుకుతారు. చూస్తాను.

ఆర్వో

*

సాల్మి
జూలై 24

ఆర్వో,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. నాకు మాటలకు కొదవ ఎప్పుడూ లేదు. ఇవాళ దొరకడం లేదు.

జరిగింది జరిగినట్టు చెబుతాను. కౌంటర్లో నాతో పనిచేసే మార్తా మోకాళ్ళ నొప్పులతో మానేసింది కదా, కౌంటరుకు మనిషి కావాలి. డార్లీన్ అనే అమ్మాయి వచ్చింది. డులూత్‌లో ఒక సరుకుల దుకాణంలో చేసింది. చలాకీ పిల్ల, లెక్కలు బాగా వచ్చు, ముసలివాళ్ళతో ఓపిగ్గా మాట్లాడుతుంది. తీసుకుందామనే అనుకున్నాను. పద్ధతి ప్రకారం ఆమె పాత మేనేజరుకు ఫోన్ చేశాను.

"మంచి పిల్లేనండీ" అన్నాడు. "కానీ నేను దాచకూడదు. వెనక గదిలో అందర్నీ పోగుచేసి యూనియన్ కార్డుల మీద సంతకాలు పెట్టించింది. ఒక్కర్తే. నెల తిరక్కుండా అందరూ ఆమె వైపే."

అప్పుడు నేనేమన్నానో తెలుసా?

"ఓహో" అన్నాను. "అలాగా" అన్నాను. "చాలా ఆసక్తికరంగా ఉందండీ" అన్నాను.

ఫోన్ పెట్టేసి, ఆ పిల్ల అప్లికేషన్ తీసి దొంతరలో అడుక్కి తోశాను. నా చేతులతో నేనే! బుర్రలో కారణాలు వరస కట్టాయి. ఈ ఏడు అమ్మకాలు బొత్తిగా లేవు, ఇప్పుడు గొడవలు దేనికి. బోర్డులో ముసలివాళ్ళు కంగారుపడతారు. మనది కో-ఆప్, ఇక్కడ యజమాని ఎవడని, యూనియన్ అవసరమేముంది. మా వాతావరణానికి మరింత తగినవాళ్ళు దొరక్కపోరు... ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. అది నా మాట కాదు. నీకు ఆసుపత్రి వాళ్ళు రాసిన మాట.

పంచదార బస్తా మీద కూలబడ్డాను. ఎవరో ఓట్స్ డబ్బా ధర అడిగితే, తీసుకుపొమ్మన్నాను.

డాల్ మర్యాదస్థుడు కాడురా. నాలాంటివాడు. నేను "వాడు లేస్తే అందరూ లేస్తారు" అన్నప్పుడు అతను రాసుకున్నది నీ పేరు కాదు, నీ పేరు మీద గీత. హోటలాయన "వావ్" అన్నప్పుడూ అంతే. బిస్కెట్ల వాడికైతే పాట పాడినంత పని చేశాను. గని మూసిన కంపెనీ నీకు ఒక్క ఉద్యోగం పోగొట్టింది, నేను మూడు పోగొట్టాను. పైగా పిల్లిలా కూర్చున్నావా అని నిన్నే నిలదీశాను. సైమా ఆ రోజు కౌంటరు మీద చెయ్యి పెట్టి నిలబడింది చూడు, ఆ చెయ్యి గుర్తొస్తే తిండి దిగడం లేదు.

ఇంతటితో అయిపోలేదు. ఈ గొడవ జరిగిన రెండు రోజులకు లాండ్రీ వాడు ఫోన్ చేశాడు. ఏం చెప్పాలో అప్పటికి నాకు బాగా తెలుసు, తెలియడమే నేరమనిపించింది. "నెమ్మదస్థుడండీ" అన్నాను. "తన పనేదో తనది. ఎవరి జోలికీ పోడు. చెప్పింది చేస్తాడు." మూడు వాక్యాలు. నిన్ను నేనే చంపి, నేనే పూడ్చినట్టుంది. అతను "ఓహో" అనలేదు. "బ్రహ్మాండం, సోమవారం రమ్మంటాను" అన్నాడు.

ఈపాటికి చేరే ఉంటావు. కంగ్రాచ్యులేషన్స్ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నీ గురించి చెప్పిన నిజం నిన్ను రోడ్డున పడేసింది, అబద్ధం అన్నం పెట్టింది. ఇందులో సిగ్గుపడాల్సింది ఈ లోకం అని వాదించగలను. ముప్ఫై ఏళ్ళుగా అదే వాదిస్తున్నాను. కానీ డార్లీన్ అప్లికేషన్ అడుక్కి తోసింది లోకం కాదు కదా.

నేనేం చెయ్యాలో చెప్పు. ఈ మాట జన్మలో ఎవర్నీ అడగలేదు.

ఐలీ

*

మినియాపొలిస్
ఆగస్టు 14

అక్కా,

నాకు తెలుసు. మే నెలాఖరు నుంచీ తెలుసు.

హోటల్ ఆఫీసు పెద్దావిడ బస్ స్టాపులో నాతో చెప్పింది నీకు సగమే రాశాను. ఆవిడ అటూ ఇటూ చూసి, నా చెయ్యి పట్టుకుని, "అబ్బాయ్, నీ పాత మేనేజరును మార్చుకో. ఆవిడ నిన్ను తెగ మెచ్చుకుంటోంది" అంది. ఏమని మెచ్చుకుందండీ అని అడిగాను. చెప్పింది. గేటు దగ్గర కూర్చున్న సంగతి, నాన్న సంగతి, ఆ తండ్రి కొడుకే వీడన్న మాట. నా బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఇంకోసారి చెప్పమన్నాను. పాపం ఆవిడ ఇంకోసారి చెప్పింది.

నువ్వు నాతో ఎప్పుడూ అలా అనలేదక్కా. గేటు దగ్గర్నుంచి ఇంటికొచ్చిన రోజు, "ముందే కరపత్రం వేసుంటే బాగుండేది" అన్నావు. నాన్న కూడా అంతే. మన ఇంట్లో తిట్లు మొహం మీద, మెచ్చుకోళ్ళు వీపు వెనక.

అందుకని ఏం చేశానో విను, నీ తప్పు చిన్నదైపోతుంది. అంతా తెలిసి కూడా బిస్కెట్ల ఫ్యాక్టరీ వాడికి మళ్ళీ నీ నంబరే ఇచ్చాను. పోతుందని తెలిసే ఇచ్చాను. నువ్వు ఆ మాటలు ఇంకోసారి ఎవరితోనైనా అనాలని. అక్కడ సైమా ఓరెగన్‌కు ఉత్తరం రాస్తుంటే, నేనిక్కడ మెప్పు కోసం ఉద్యోగం తగలేసుకున్నాను. నలభై నాలుగేళ్ళ మనిషిని! లాండ్రీ వాడికి కూడా నీ నంబరు ఎందుకిచ్చానో నాకే సరిగ్గా తెలియదు. ఈసారి పని వచ్చేసరికి, నువ్వు మాట మార్చావని వెంటనే అర్థమైంది. ఉద్యోగం వచ్చిన రోజు ఒక్కణ్ణే గదిలో కూర్చుని ఏడ్చాను.

సైమా, అమ్మాయిలు ఈ నెల మొదట్లో వచ్చేశారు. రెండు గదుల ఇల్లు. సైమాకు అంతా చెప్పేశాను, నీదీ నాదీ. కోప్పడుతుందనుకున్నాను. చాలాసేపు బంగాళాదుంపలు చెక్కుతూ కూర్చుంది. తర్వాత, "మీ అక్కాతమ్ముళ్ళు ఒకరి మంచి ఒకరికి చెప్పుకోవడానికి మూడు ఉద్యోగాలు ఖర్చయ్యాయన్నమాట" అంది. ఆ మాట నీకు కూడా రాయమంది, రాశాను.

ఇక లాండ్రీ. నా పని కింద బాయిలర్ దగ్గర. పైన నలభై మంది ఆడవాళ్ళు ఇస్త్రీ యంత్రాల దగ్గర నిలబడతారు. ఈ ఎండల్లో అక్కడ గాలి ఆడదు. గోడకు పెద్ద ఫ్యాన్లున్నాయి, కరెంటు దండగని తిప్పనివ్వరు. మొదటి రోజే మేనేజరు భుజం తట్టి, "మీరు ఎవరి జోలికీ పోరని విన్నాం. అలాంటివాళ్ళే కావాలి మాకు" అన్నాడు. నేను నవ్వాను. నవ్వాను అక్కా.

గడిచిన వారం రోసా అనే ఆవిడ కళ్ళు తిరిగి పడిపోయింది. మెట్ల మీంచి కిందికి తీసుకొచ్చి, నా గది ముందు బెంచీ మీద పడుకోబెట్టారు, కింద కాస్త చల్లగా ఉంటుందని. నేను బాయిలర్ మీద ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు వైపు చూస్తూ నిలబడ్డాను. అది కదలడం లేదు, చూడాల్సిందేమీ లేదు. రోసా కళ్ళు తెరిచి, "నువ్వు కొత్తగా వచ్చిన నెమ్మదస్థుడివి కదూ?" అంది. వెక్కిరింపు కాదు. మామూలుగా అడిగింది.

నువ్వు అబద్ధం చెప్పావనుకుంటున్నావు. లేదు, నేను దాన్ని నిజం చేస్తున్నాను. నన్ను పూడ్చింది నువ్వు కాదు.

మర్నాడు పైకి వెళ్ళాను. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకునే వేళ రోసా పక్కన కూర్చున్నాను. ఏమీ చెప్పలేదు, ఊరికే అడిగాను, ఫ్యాన్ల గురించి ఎప్పుడైనా అందరూ కలిసి వెళ్ళి అడిగారా అని. ఒకావిడ నవ్వి, "అడిగితే ఉద్యోగం ఎవడిస్తాడు, మీ బాబా?" అంది. ఇంకొకావిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. రేపు పొద్దున్న అందరం మేనేజరు ఆఫీసుకు వెళ్తున్నాం. కాదంటే ఫ్యాన్లు తిరిగేదాకా నేను కింద ఆవిరి ఆపేస్తాను, పైన ఇస్త్రీ యంత్రాలు నడవవు.

సైమాను అడిగాను. ఆమెను అడక్కుండా ఇంక ఏదీ చెయ్యను. "అమ్మాయిల బడి?" అంది. తర్వాత, "సరే వెళ్ళు. పెట్టెలు ఎలాగూ ఇంకా విప్పలేదు. ఎటు పోయినా ఈసారి నలుగురం పోతాం" అంది.

ఏం చెయ్యాలో చెప్పమన్నావు. మన ఇంట్లో ఏం అడగాలన్నా అంకెలు వేసి అడగాలి కదా. ఇవి నా డిమాండ్లు:

1. డార్లీన్‌ను పనిలోకి తీసుకో. ఆ పని ఇంకొకరికి ఇచ్చేసి ఉంటే ఇంకోటి కల్పించు. ఎందుకు ఆలస్యం చేశావో ఆ పిల్లకు నీ నోటితో నువ్వే చెప్పు.

2. ఆమె వెనక గదిలో అందర్నీ పోగుచేస్తే నువ్వు వెళ్ళి ఉపన్యాసం ఇవ్వకు. నువ్వు మేనేజరువి. బయట నిలబడు.

3. హెయిక్కి కొడుక్కి నా ఈ చిరునామా ఇవ్వు. ఇక్కడ ఇంకో మనిషి పట్టే చోటుంది.

4. క్షమించమని ఇంకో ఉత్తరం రాయకు. సైమాకు మాత్రం ఒక్కటి రాయి.

5. నా గురించి మంచి అనిపిస్తే నాకే చెప్పు. పోస్టు ఖర్చు నేను పెట్టుకుంటాను.

6. ఈ పనీ పోవచ్చు, త్వరలో నా గురించి మళ్ళీ ఎవరో ఫోన్ చేస్తారు. డాల్‌తో చెప్పిందే చెప్పు. ఒక్క ముక్క కూడా తగ్గించకు.

ఆర్వో లాహ్తి